పోర్లాకు కొండ క్రింద మూడు దినములు

సీమకు పోయివచ్చిన వారు లండను నగరపు వంతెనలను, గోపురములను, రాజమందిరములను వర్ణించుట పరిపాటి. మేమును వానిని చూచితిమి. అవి చిత్రములలో నున్నట్లే యున్నవి. కాని ఇల్లు చేరి మూడు మాసములైనను మా మనస్సును వదలనివి అవి కావు. సోమర్సెట్ మండలమున పోర్లాకు అను పల్లె వెలుపల, పచ్చిక బయలులో, ఒక ముసలి బండి చక్రముల ప్రక్క గడపిన మూడు దినములే నేటికిని కన్నులకు కట్టినట్లున్నవి. సోదరీమణులు నవ్వినను సరే, దానినే వ్రాయుచున్నాము.

మాది గోదావరి డెల్టాలో నొక చిన్న యూరు. మా వారు ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు చెప్పుదురు. మఱది బ్రిస్టలు నగరమున కంప్యూటరు కొలువులో నున్నాడు. మేము కాపురమునకు వచ్చునాటికి అతడు ఎనిమిదవ తరగతి పిల్లవాడు. అత్తగారు ఆ ముందటి యేడే స్వర్గస్థులైరి. అతనికి అన్నము కలిపి పెట్టినదియు, పద్యములు వల్లె వేయించినదియు మేమే. ఆ పిల్లవాడు ఇప్పుడు పెండ్లాడి, ఇల్లు కొని, వేసవి సెలవులకు అన్నను, వదినను, పిల్లలను టిక్కెట్లు పంపి పిలిపించుకొనెను. "వదినా, మిమ్ములను నా బండిలో సముద్రపుటొడ్డున నున్న కొండలమీదికి తీసికొనిపోవుదును" అని ఫోనులో చెప్పినప్పుడు అతని గొంతులో పదమూడేండ్ల బాలుడే వినిపించెను.

ఆ బండి యిల్లును, వాహనమును ఒక్కటియైన వింత. క్యాంపరు వ్యాను అందురు. మేము ఇంటిబండి యని పేరు పెట్టుకొంటిమి. ఫోక్స్‌వాగను కంపెనీవారు జర్మనీలో 1950 నుండి చేయసాగిన వ్యానులలో, 1967 తరువాత వచ్చిన ఒకే యద్దపు ముఖము గల రెండవ తరము వానిలో నిది 1972 నాటిది. ఇంజను వెనుకనుండును. లోపలి కొయ్యపని మాత్రము జర్మనీది కాదు. డెవను మండలమున సిడ్‌మత్ అను సముద్రతీరపు టూరిలో ఇట్టి వ్యానులను ఇండ్లుగా మార్చు కార్ఖానా యుండెడిది, అక్కడ జరిగినది. కన్నతల్లి యొకతె, పెంచిన తల్లి యొకతె యన్నమాట. రెండు మంటల పొయ్యి, చిన్న తొట్టి, మడచిన బల్లగను విప్పిన మంచముగను పనిచేయు పలకలు, పైకి లేచు గుడ్డకప్పు. క్రింద నారింజరంగు, పైన మీగడరంగు. దానిని చూచి మా అమ్మాయి గంతులు వేసెను. తోటికోడలు హారతి యిచ్చి, నాలుగు చక్రముల క్రింద నాలుగు నిమ్మకాయలు పెట్టెను. మేమును చేతులు జోడించితిమి. చక్రముల క్రింద ఏమి పెట్టవలెనో మా కందఱకు తెలియును; చక్రముల లోపల నేమున్నదో ఒక్కరమును చూడలేదు.

మే మాసపు చివరివారమున ఉదయమే బయలుదేరితిమి. బ్రిడ్జివాటరు దాటిన పిదప పెద్దదారి విడిచి చిన్నదారి పట్టగానే ఇరుప్రక్కల కంచెలు పూలతో నిండియుండెను. నెదర్ స్టోవీ గ్రామమున మా వారికొఱకు ఆగితిమి. కోల్‌రిడ్జి కవి 1797లో నివసించిన యిల్లు అచ్చట నున్నది. ఇరువది యేండ్లుగా ఆ కవి పద్యములను పల్లెటూరి పిల్లలకు చెప్పిన మనుష్యుడు ఆ గడపలో నిలువబడి, కండ్లద్దములు తీసి తుడుచుకొనిరి. మే మేమియు మాటాడలేదు.

మొదటి సూచన డన్‌స్టరులో కనబడెను. అది కొండమీద కోటయు, వీథి నడుమ 1609 నాటి యెనిమిది మూలల నూలు సంతశాలయు గల చక్కని పాతయూరు. బండి దిగగానే మా అమ్మాయి ముక్కు చిట్లించి, "అమ్మా, ఇస్త్రీపెట్టె మఱచిన వాసన" అనెను. ముందు ఎడమచక్రము దగ్గఱ చేయి పెట్టితిమి, సెగ తగిలెను. కుడిచక్రము చల్లగానే యున్నది. మఱది చూచి, "పాతబండి గదా వదినా, దానికి ఏదో వాసన యుండనే యుండును" అని నవ్వెను.

నవ్వితిమి గాని మా కన్ను అతని పాదముమీదనే యుండెను. మేము ముందు పీటమీద అతని ప్రక్కనే కూర్చుంటిమి. మొదట బ్రేకు పెడలును ఒకసారి త్రొక్కువాడు మైన్‌హెడ్ దాటిన పిదప రెండుసార్లు త్రొక్కుచుండెను. రెండవసారియు పాదము మునుపటికంటె లోతుగా దిగుచుండెను. మాకు యంత్రశాస్త్రము తెలియదు. కాని తిరుగలి యెప్పుడు బరువైనదో, బావి గిలక యెప్పుడు పట్టు తప్పినదో చేతికి తెలియదా? అట్లే తెలిసినది.

పోర్లాకు చేరునప్పటికి మధ్యాహ్నమైనది. ఊరు దాటగానే దారి నాలుగడుగుల కొక్క యడుగు చొప్పున పైకెక్కును. బరువుబండ్లకును సైకిళ్లకును మెల్లగా చుట్టివచ్చు సుంకపు దారి వేఱుగా నున్నదని పలకమీద వ్రాసియున్నారు. ఎక్కిన పిదప కొన్ని మైళ్లు బీటిభూమి, అటుపైన కౌంటిస్‌బరీ కొండమీదినుండి మరల అంత నిట్టనిలువుగ లిన్‌మత్ రేవునకు దిగుట. ఒక ప్రక్క కొండ, ఒక ప్రక్క వందలకొలది అడుగుల క్రింద సముద్రము.

ఆ పలక చూచి మేము "ఇక్కడ ఆపు నాయనా" అంటిమి.

"ఎందులకు వదినా?"

"ఇక ముందుకు పోము."

అతని ముఖము ఎఱ్ఱబడెను. "నీవు లంకభూములలో పుట్టినదానవు, కొండను చూచి జడియుచున్నావు. ఈ దేశమున నలుబది యేండ్లు దాటిన బండికి ఏటేటి పరీక్షయే అక్కఱలేదని ప్రభుత్వమువారే మినహాయించినారు. చెడిపోవునదైన నట్లు విడుతురా?" అనెను.

మినహాయింపు నిజమే. పెద్ద మార్పులు చేయని పాతబండ్లకు 2018 మే నుండి ఆ పరీక్ష తప్పనిసరి కాదు. అయితే అది ముసలివారికి ఏకాదశి యుపవాసము మినహాయించుట వంటిది. ఉపవాసము తప్పినది గాని వార్ధక్యము తప్పలేదు గదా! బండిని సురక్షితముగా నుంచు భారము మాత్రము యజమానిమీదనే యున్నదని ఆ చట్టమే చెప్పుచున్నదట.

"జడుపే నాయనా. వెనుక నలుగురున్నారు" అంటిమి. మా వారు అన్నదమ్ముల నడుమ మాట పెరుగునని కాబోలు మౌనముగా కిటికీలోనుండి చూచుచుండిరి. తోటికోడలు చేతిసంచి గొలుసును తీయుచు వేయుచుండెను. కొంతసేపటికి అతడు మాటలేక బండిని వెనుకకు త్రిప్పి, ఊరి చివర విడిది మైదానములోనికి మెల్లగా నడిపెను. ఆ రాత్రి అతడు అన్నము సరిగా తినలేదు. మా మాట నెగ్గినదను సంతోషము మాకును కలుగలేదు.

భారతమున నలుని కథ ఎవ్వరెఱుగరు? బాహుకుడై ఋతుపర్ణుని రథమును తోలునప్పుడు రాజు ఉత్తరీయము జారిపడినది. ఒక్క నిమిషమాపుము, తెప్పించెద ననగా, అది అప్పుడే యోజనము దూరము వెనుక పడినదని బాహుకుడు చెప్పెనట. చిన్ననాట మా తాతగారు ఈ ఘట్టము చదివించినప్పుడు ఆ వేగమునకే మురిసిపోతిమి. ఆపమన్నప్పుడు ఆ రథ మెట్లాగెడిదో అడుగవలెనని ఆనాడు తోచలేదు. ఆ రాత్రి గుడ్డకప్పు క్రింద పిల్లల యూపిరి వినుచు పండుకొన్నప్పుడు తోచినది.

మఱునాటి ఉదయము ప్రక్క విడిదిలోని యామె తేనీటి లోటాతో వచ్చి పలుకరించెను. డెబ్బది యేండ్లు దాటిన మనిషి. తెల్లని జుట్టు మగవానివలె కత్తిరించుకొన్నది. వెంట నొక కుంటికుక్క. ఆమెదియు మా బండివంటిదే, రెండేండ్లు చిన్నది. భర్త పోయిన పిదప పదునొకండేండ్లుగా ఒంటరిగా అందులోనే తిరుగుచున్నదట. మా బండి ప్రక్క మోకాళ్లపై కూర్చుండి చక్రములోపలికి దీపము వేసి చూచి, మఱదితో నిట్లనెను: "ఇంజను చెడిన బండి ఆగిపోవును నాయనా. బ్రేకు చెడినది ఆగదు." అతడు మావంక చూడలేదు గాని ఆమె మాటను మాత్రము వినెను.

ఇచ్చట ఆ బ్రేకు సంగతి కొంచెము చెప్పవలెను. సైకిలు బ్రేకువలె దీనిలో తీగ లాగుట యుండదు. చేతిబ్రేకునకు మాత్రమే తీగలు. పెడలును త్రొక్కగనే మాస్టరు సిలిండరను ఇనుపగొట్టములో పిస్టను ముందునకు జరిగి, అందులోని ద్రవమును నెట్టును. ఆ యొత్తిడి సన్నని లోహపు గొట్టములగుండ నాలుగు చక్రములకును పోవును. మూసియున్న ద్రవమున నొకచోట ఒత్తిడి కలిగిన అది అన్నివైపులకు సమముగా వ్యాపించునను పాస్కలు సూత్రమును, తొమ్మిదవ తరగతి చదువు మా అబ్బాయి అడుగకయే అప్పగించెను. ముందు చక్రములకు పళ్లెమువంటి ఇనుప డిస్కు. దానిని రెండు ప్రక్కల దిమ్మలు పటకారువలె పట్టును. వెనుక చక్రములకు డప్పువంటి డ్రమ్ము. దాని లోపల వంకర షూలు రెండు విచ్చుకొని గోడకు రాచుకొనును. ముందువానికొకటి, వెనుకవానికొకటి, రెండు వేఱువేఱు ద్రవమార్గములు. ఒకటి తెగినను రెండవది నిలుచును. 1967 తరువాతి ఈ వ్యానుల కీ యేర్పాటు కలదు. సగము ప్రాణమైన మిగులునను మాట విని మాకు కొంత యూఱట కలిగెను.

పరీక్షలో ఆమె మూడు లోపములు చూపెను. మొదట మఱదిని కూర్చుండబెట్టి పెడలును గట్టిగా త్రొక్కి అట్లే పట్టియుంచుమనెను. ఒక నిమిషము గడచునప్పటికి అది ఎవ్వరో క్రిందినుండి లాగినట్లు మెల్లమెల్లగా దిగిపోయెను. బయట చుక్కయైన కాఱలేదు. అనగా మాస్టరు సిలిండరు లోపలి రబ్బరు బిళ్లలు అరిగి, ద్రవము వానిని దాటి వెనుకకు జాఱుచున్నదన్నమాట.

రెండవది ఆ వేడిచక్రము. జాకీతో ఎత్తి త్రిప్పగా అది కదలదు. డిస్కును పట్టు భాగముపై నున్న చిన్న నిపిల్‌ను పానాతో సడలింపగా కొంచెము ద్రవము చిమ్మెను. వెంటనే చక్రము తిరుగసాగెను. గొట్టములలో లోహముచేత చేయని తునక చక్రము దగ్గఱ నొకటి యుండును. చక్రము అటునిటు తిరుగుటకై అది రబ్బరుతో చేయబడినది. ఏండ్లు గడచిన రబ్బరు బయట నున్నగనే యుండి లోపల ఉబ్బి దారిని మూయును. త్రొక్కినప్పటి బలమునకు ద్రవము పోవును. వదలినప్పుడు తిరిగి రాలేదు. అందుచే బ్రేకు పట్టినది పట్టినట్లే యుండి, చక్రము రాచుకొని కాలుచుండును. ఆమె ఆ గొట్టమును తీసి కోసి చూపినప్పుడు లోపల సూదిమొన దూఱునంత రంధ్రమే యున్నది. మేడిపండు చందమని మా వారు పలికిరి. రెండు దినములకు వారు పలికిన తొలిమాట అదియే.

మూడవది వెనుక ఎడమవైపు. డ్రమ్ము తుప్పుతో పట్టుకొని యుండగా కొయ్యసుత్తితో చుట్టును తట్టి తట్టి ఊడదీసిరి. లోపలి చిన్న సిలిండరు చెమ్మగిల్లి, షూలు ద్రవముతో తడిసియున్నవి. నూనె అంటిన ఆవకాయబద్ద వ్రేళ్ల నడుమ నిలుచునా? ఆ షూ యునంతే.

అంతలో మా అబ్బాయి డ్రమ్ములోని నల్లని పొడిని నోటితో ఊదబోయెను. ఆమె వాని నోటికి అఱచేయి అడ్డము పెట్టెను. పూర్వకాలపు బ్రేకుషూలలో ఆస్‌బెస్టాసు అను రాతినార కలిపెడివారు. ఆ ధూళి ఊపిరితిత్తులకు విషము. ఇంగ్లండులో 1999లో పూర్తిగా నిషేధించిరి గాని పాతబండ్లలో ఏ కాలపు వస్తువున్నదో ఎవరు చెప్పగలరు? తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను సంచిలో కట్టివేసితిమి. పాతబండ్లున్న యింటి సోదరీమణులు ఈ యొక్కదానిని మఱువకుందురుగాక.

వస్తువులకై ఫోను చేసిన, మఱునాడు తపాలబండిలో వచ్చునని తెలిసినది. ఇట్టి వ్యానులను జర్మనీలో 1979లో మానినను బ్రెజిలులో 2013 వఱకు చేయుచుండిరి. కాబట్టియు, అభిమానులు వేలమంది యుండుటచేతను, విడిభాగములకు కొఱతలేదు. మాస్టరు సిలిండరు, నాలుగు రబ్బరు గొట్టములు, వెనుక సిలిండర్లు రెండు, షూలు రెండు జతలు, రెండు డబ్బాల ద్రవము. చెడినది ఎడమవైపు మాత్రమే కదా, కుడివైపు ఎందులకని మఱది అడిగెను. ఒకవైపు క్రొత్తది, ఒకవైపు పాతదియైన బ్రేకు వేసినప్పుడు బండి బలమైనవైపునకు లాగునని ఆమె చెప్పెను. కాడికి ఒక కోడెను, ఒక ముసలి యెద్దును కట్టినట్లని మేము తోటికోడలికి చెప్పితిమి. పాపము, బస్తీలో పెరిగిన పిల్ల. ఎద్దుకంటె బ్రేకే ఆమెకు సులువుగా తెలిసినట్లున్నది.

ఆ సాయంకాలము పనిలేక పోర్లాకు వీరు అను చిన్న రేవువఱకు నడచితిమి. గులకరాళ్ల తీరము, ఆటుపోటులకు లేచి దిగు పడవలు. అక్కడ ఆమె 1899 జనవరి 12వ నాటి కథ చెప్పెను. తుపానులో ఫారెస్ట్ హాల్ అను ఓడ ఆపదలో చిక్కుకొనగా, లిన్‌మత్‌లోని రక్షణపడవను అలల యుద్ధృతిచే సముద్రమున దింప వీలుకాలేదట. దాదాపు నూఱుగురు మనుష్యులు, ఇరువదికి దగ్గఱగా గుఱ్ఱములు, ఆ లూయిసా అను పడవను బండిమీద పెట్టి కౌంటిస్‌బరీ కొండ యెక్కించి, పదుమూడు మైళ్లు చీకటిలో గాలివానలో లాగుకొనివచ్చి, ఈ పోర్లాకు కొండమీదినుండి దింపి, రేవున నీట విడిచిరి. ఎక్కునప్పుడు లాగినవారే దిగునప్పుడు త్రాళ్లు పట్టి వెనుకకు వ్రేలాడిరట. ఓడలోనివారు బ్రతికిరి. కొన్ని గుఱ్ఱములు మాత్రము అలసటచే మరణించినవి. మా ఊరి రథోత్సవమున చక్రముల క్రింద కొయ్యదిమ్మలు వేయుచు ముందు వెనుకకు పరుగెత్తు మనుష్యులు మాకు కనులముందు నిలిచిరి. వేలమంది లాగుదురు, ఆపువారు నలుగురే, వారి పేరు ఎవరికిని తెలియదు.

పోర్లాకును గూర్చి మా వారు వేఱొక కథ చెప్పిరి. కోల్‌రిడ్జి స్వప్నమున కాంచిన కావ్యమును వ్రాయుచుండగా పోర్లాకునుండి ఎవ్వడో పనిమీద వచ్చి తలుపు తట్టెనట. వాడు పోవునప్పటికి మిగిలిన పద్యములు మనస్సునుండి చెదరిపోయినవట. "లోకములోని విఘ్నములన్నియు పోర్లాకునుండియే వచ్చును కాబోలు" అని మా వారు తమ్మునివైపు చూచి నవ్విరి. అతడును నవ్వెను. మా ప్రాణము కుదుటపడెను.

మూడవనాడు తొమ్మిది గంటలకు వస్తువులు వచ్చినవి. తుప్పుపట్టిన నట్లకు రాత్రియే నూనె పోసి నానబెట్టియుంచిరి. ఆఱు ప్రక్కల పట్టు ప్రత్యేకపు పానాతో తీయవలెను, లేకున్న మూలలు అరిగి నున్నబడును. బండి క్రిందికి దూఱునప్పుడు జాకీని నమ్మరాదని గట్టి ఇనుప స్టాండ్లు పెట్టించెను. బ్రేకుద్రవము సామాన్యమైన నూనె కాదు. పొరపాటున ఇంజనునూనె పోసిన రబ్బరులన్నియు ఉబ్బి పాడగును. రంగుపై పడిన రంగు లేచిపోవును. మఱది చేతినుండి ఒక చుక్క తలుపుపై పడి, నీటితో కడుగునంతలోనే నారింజరంగు మెత్తబడి వ్రేలిముద్ర పడెను. అది ఇప్పటికి నట్లే యున్నదట.

దాని మఱియొక గుణము గాలిలోని తేమను త్రాగుట. వానకాలపు ఉప్పుకుండ యెఱిగిన మనకు ఇది క్రొత్త కాదు. క్రొత్త ద్రవము డాట్ 4 అను రకమైనచో కనీసము 230 డిగ్రీల వేడికి గాని మరుగదు. తేమ త్రాగిన పిదప ఆ హద్దు 155కు పడవచ్చును. పొడవైన దిగుడులో బ్రేకుపై పాదము తీయక పట్టియుంచిన చక్రము కాగి, ఆ ద్రవము మరిగి, ఆవిరి బుడగలు పుట్టును. నీరు అణగదు, ఆవిరి అణగును. అప్పుడు పెడలు మెత్తని దూదిలో త్రొక్కినట్లు నేలకంటును. అందుకే రెండేండ్ల కొకసారి మార్చుమందురు. మా బండిలోనుండి తీసినది అష్టావశేష కషాయమువలె నల్లగా నున్నది. ఎన్నడు మార్చితివని ఆమె అడుగగా, "నేను కొన్నది మొదలు లేదు" అని మఱది తలవంచుకొనెను. కొని నాలుగేండ్లు.

అన్నియు బిగించిన పిదప గొట్టములలోని గాలిని వెడలింపవలెను. దీనికి ఇరువురు కావలెను. ఒకరు పెడలు త్రొక్కి పట్టవలెను. రెండవవారు చక్రము దగ్గఱ నిపిల్ సడలించి, గాలి బుడగలు సీసాలోనికి పోయిన పిమ్మట మరల బిగింపవలెను. అటుపిమ్మట మాత్రమే పాదము తీయవలెను. ముందుగా తీసిన గాలి తిరిగి లోపలికి పీల్చుకొనును. మాస్టరు సిలిండరునకు మిక్కిలి దూరమైన వెనుక ఎడమచక్రముతో మొదలు. "పెడలునకు ఎవరు?" అని ఆమె అడుగగా మఱది తడుముకొనక "మా వదిన" అనెను.

కావున ఈ వ్యాసమున ఇంతవఱకు అందఱితో కలిసియున్న "మేము" ఇచ్చట ఒంటరిగా చీరకుచ్చిళ్లు ఎగదోపి, చెప్పులు విడిచి, డ్రైవరు పీటమీద కూర్చుంటిమి. మాకు చక్రము కనబడదు. అతనికి మా పాదము కనబడదు. మాటయే ఆధారము. "త్రొక్కు", "పట్టు", "వదులు": ఈ మూడే మంత్రములు. ఎనిమిది పర్యాయములు చక్కగా జరిగెను. తొమ్మిదవసారి "వదులు" అని వినబడగనే పాదము తీసితిమి. వెంటనే పిల్లలు "బుడగలు పోయి వెనుకకు వచ్చినవి!" అని కేకలు వేసిరి. అతడు వదలుమన్నది సీసా పట్టుకొన్న తన భార్యనట! పావుగంట పని వ్యర్థమైనది. నాటినుండి "వదినా" యని ముందు పిలిచినగాని మాకు చెల్లదని నియమము చేసితిమి. "వదినా, త్రొక్కు. వదినా, పట్టు. వదినా, వదులు." నాలుగు చక్రములకును కలిపి అర్ధశతమునకు తక్కువ కాకుండ ఆ పిలుపు వింటిమి. వానిచేత వల్లె వేయించిన దినములలో మేమును ఇన్నిసార్లు పేరు పెట్టి పిలిచియుండము.

చివరకు పెడలు కొంచెము దిగి, గోడకు తగిలినట్లు నిలిచెను. పిక్కలు నొచ్చుచుండగా ఒక నిమిషము బలముకొలది త్రొక్కిపట్టితిమి. కదలలేదు. వెనుక షూలను రాచుకొనువఱకు బిగించి, మరల కొన్ని పండ్లు సడలించి సరిచేయునప్పటికి రాత్రి తొమ్మిదైనను ఆ దేశమున వెలుగు పోలేదు. మైదానములోనే నడకవేగమున పదిసార్లు నడిపి ఆపిరి. మొదట చేతిబ్రేకు, తరువాత పాదపు బ్రేకు. ప్రతిసారియు తిన్నగా ఆగెను. నల్లని ద్రవమును ఊరి చెత్తశాలలో అప్పగించుటకు సీసాలో పోసి మూత బిగించిరి, నేలపై పోయరాదు. తోటికోడలు ఒక కాగితముమీద ఆనాటి తేదీ వ్రాసి, తలుపు లోపల అంటించెను.

మఱునాడు ఉదయము ఆమెకు పులిహోర పొట్లము కట్టియిచ్చి, ఆ కుంటికుక్కను నిమిరి, కొండ యెక్కితిమి. మొదటి గేరులో బండి మూల్గుచు ఎక్కెను. పైన బీటిభూమిలో పసుపుపచ్చని ముండ్లపూలు, సగము జడలు రాలిన చిన్నగుఱ్ఱములు, తల్లుల వెంబడి గొఱ్ఱెపిల్లలు. కుడివైపు క్రింద నీలిసముద్రము, ఆవల వేల్సు దేశపు గట్టు. కౌంటిస్‌బరీ దిగుడు మొగమున మఱది బండి నాపి, చిన్నగేరు వేసికొని, మావైపు చూచెను. మేము తల యూపితిమి. అతడు పాదమును బ్రేకుపై ఆనించి యుంచక, అప్పుడప్పుడు గట్టిగా త్రొక్కి వదలుచు దింపెను. మా పాదమును ప్రతిసారి అతనితోపాటు ఉత్తనేలను త్రొక్కుచునే యుండెను.

లిన్‌మత్‌లో 1890లో తెఱచిన కొండరైలు ఒకటి కలదు. త్రాటితో ముడివేసిన రెండు పెట్టెలు. పైపెట్టె తొట్టిలో నీరు నింపిన అది దిగుచు క్రిందిదానిని 862 అడుగుల పట్టాపై పైకి లాగును. ఇంజను లేదు. దాని బ్రేకులును నీటియొత్తిడితోనే పనిచేయునని తెలిసి మా అబ్బాయి రెండుసార్లు ఎక్కెను. మఱది మాత్రము దానిని చూచుటకు వెంటనే రాలేదు. బండి నిలిపిన చోటనే యుండి, ముందు ఎడమచక్రము దగ్గఱ అఱచేయి పెట్టెను. చుట్టి వచ్చి కుడిచక్రము దగ్గఱ పెట్టెను. మరల ఎడమవైపునకు పోయెను.

"వదినా, ఒకసారి ఇటు రా. రెండును ఒక్కటే వేడి" అనెను. పోయి మేమును చేయి పెట్టి చూచితిమి.